బూట్ల సమాధి

మారికుప్పం నుంచి పొద్దున్నే బెంగళూరు వైపు పోయే రైలెక్కేవాళ్లలో క్లారా ఇడ్లీ తినని వాళ్లు తక్కువ. స్టేషను బయట గోడవారన ఒక బల్ల, దాని మీద గిన్నెలో ఇడ్లీ, పక్కన బకెట్టులో సాంబారు. ఆమె చేతికి తీరిక ఉండదు, నోటికి అంతకన్నా ఉండదు. "ఏమప్పా, నిన్న రెండుసార్లు చట్నీ పోయించుకొని ఈ పొద్దు మొగం చాటేసుకొని పోతాండావే?" అని కేకేసిందంటే పోయేవాడు నవ్వుకుంటూ వెనక్కి రావలసిందే. అలాంటి మనిషి దగ్గర ఇప్పుడు జనం ఇడ్లీ కొంటారు గాని నిలబడి తినరు. పొట్లం కట్టించుకొని గబగబా రైల్లోకి పోతారు. కొందరు బంగారుపేట దాటేదాకా దాన్ని విప్పరు, విప్పినా ముందు వాసన చూస్తారు. ఒక సినిమా వల్ల ఇంత జరుగుతుందా అంటే, జరిగింది మరి.

క్లారా పుట్టింది కోలారు బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్ అనే గని లైన్లలో. లైన్లంటే తెల్లదొరల కాలంలో గని కూలీలకు కట్టించిన ఒంటిగది ఇళ్ల బారులు. ఒక ఇంట్లో దగ్గితే నాలుగో ఇంట్లో వినిపిస్తుంది. తాత చిత్తూరు వైపు కరువుకు తాళలేక వచ్చి గనిలో దిగాడు. తండ్రి బతుకంతా డ్రిల్లు మిషను పట్టి, రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టి, పడుకుంటే ఆయాసమని మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు. ఒకనాడు అలా కూర్చునే పోయాడు. ఇంట్లో తెలుగు, కొళాయి దగ్గర తమిళం, రేషను షాపులో కన్నడం, చర్చిలో కాస్త ఇంగ్లీషు. నాలుగింటిలోనూ క్లారా పోట్లాడగలదు. తిట్టాలంటే మాత్రం ఆమెకు తెలుగే కావాలి.

డెరిక్‌ను ఇష్టపడే చేసుకుంది. షిఫ్టు దిగి పైకొచ్చాక మొగం కూడా కడుక్కోకుండానే పాట అందుకొనే మనిషి అతను. గని మూతపడేనాటికి అతను పనిలో చేరి ఎన్నో ఏళ్లు కాలేదు. ఉత్త చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చాడు. మాలూరు ఇటుక బట్టీల్లో కొన్నాళ్లు, లారీల మీద కొన్నాళ్లు. ఏ పనీ కుదరలేదు, తాగుడు మాత్రం చక్కగా కుదిరింది. ఆలుమగలకు రోజూ రామరావణ యుద్ధమే. అయితే కూతురు డయానా అంటే అతనికి పంచప్రాణాలు. ఎంత తాగొచ్చినా గుమ్మం బయటే పుక్కిలించి, మొగం కడుక్కొని, అప్పుడు లోపలికొచ్చి పిల్లను ఎత్తుకొనేవాడు. ఆ ఒక్క పని చూసే క్లారా అతన్ని ఎన్నోసార్లు క్షమించింది.

డయానాకు ఐదేళ్లప్పుడు ఒక ఆదివారం, ఆ పిల్ల బల్లెక్కి తండ్రి రేడియో లాగింది. అది కిందపడి ముక్కలైంది. డెరిక్ పిల్ల మీద చెయ్యెత్తాడు. అంతవరకు ఎప్పుడూ ఎత్తలేదు. క్లారా మధ్యలోకి దూకి నోటికొచ్చినట్టు తిట్టింది. "ఈ కొంపలో మనిషనేవాడు ఉండగలడా?" అని అతనరిచాడు. "పో! పోయినోడివి మళ్లీ నా గడప తొక్కొద్దు!" అని ఈమె అరిచింది. చొక్కా తగిలించుకొని పోయాడు, అంతే. మూతపడ్డ గనిలోకి దిగే నిలువు బావి, అదే షాఫ్టు, దానివైపు అతను నడిచిపోవడం చూశామన్నారు కొళాయి దగ్గరున్న ఆడవాళ్లు. పాడుబడ్డ గనిలో రాగితీగ కోసం ఏదో ఒక కంతలోంచి దొంగచాటుగా దిగి తిరిగి రానివాళ్లు అప్పటికే ఒకరిద్దరున్నారు. డెరిక్ కూడా దిగే ఉంటాడని లైన్లన్నీ అనుకున్నాయి. కోపం తగ్గితే వాడే వస్తాడులే అనుకొని క్లారా పోలీసుల దగ్గరికి పోలేదు. ఆ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరవాత అందరూ ఆ మాటే పట్టుకున్నారు.

పిల్ల తంటా వేరే. సాయంకాలమైతే గడప మీద కూర్చొని, డాడీ వస్తే తింటానని మొండికేసేది. గిన్నెలో అన్నం గడ్డకట్టేది. అలా చిక్కి సగమైంది.

అంతలో శాంతిరాజు ఒక కబురు తెచ్చాడు. శాంతిరాజు గనిలో కప్పుకు దన్నుగా దుంగలు నిలబెట్టే పని చేసినవాడు, డెరిక్‌కు అన్నలాంటివాడు, పక్కింట్లోనే కాపురం. అబద్ధమాడడం చేతకాదు పాపం, ఆడితే చెవులెర్రబడతాయి. చుట్టాల పెండ్లికి ఆంబూరు పోయి వచ్చి, క్లారాను పెరట్లోకి పిలిచాడు.

"క్లారమ్మా, చెప్పాలో వద్దో తెలీలేదు. బస్టాండులో వాణ్ణి చూసినా."

"ఎవుర్ని?"

"డెరిక్‌నే. పక్కన ఒకామె ఉండాది. చంకలో బిడ్డ. డెరికూ అని గట్టిగా పిలిచినా. తిరిగి చూసినాడు. నన్ను చూసి, గబుక్కున బస్సెక్కేసినాడు."

"సరిగ్గా చూసినావా అన్నా? వేరే ఎవుడో అయ్యుండడా?"

"చూసినా. దూరమే అనుకో. కానీ పేరుకి తిరిగినాడు గదమ్మా," అన్నాడు శాంతిరాజు. చెవులు ఎర్రబడలేదు.

క్లారా ఆ రాత్రి ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు. మర్నాడు పిల్లకు తల దువ్వుతుంటే, డయానా అద్దంలోంచి అడిగింది: "నేను రేడియో పగలగొట్టినానని డాడీ పోయినాడా మమ్మీ?" దువ్వెన చేతిలోనే ఆగిపోయింది. ఐదేళ్ల పిల్ల అన్ని దినాలుగా కడుపులో పెట్టుకొని కుమిలిందది! అన్నం తినకపోవడం మారాం కాదు, తనకు తాను వేసుకున్న శిక్ష. ఆంబూరు కబురు ఏనాడైనా ఆ పిల్ల చెవిన పడితే ఇంకేమైనా ఉందా? తనను కాదని ఇంకో బిడ్డను ఎత్తుకున్నాడని తెలిస్తే బతికి బట్టకడుతుందా? క్లారా అక్కడికక్కడే తేల్చుకుంది. "లేదు పాపా. మీ డాడీ నిన్నొదిలి పోలేదు. గనిలో చచ్చిపోయినాడు," అంది.

కోలారు గనుల్లో ఒక పద్ధతి ఉండేది. లోపల బండ పేలి మనుషులు కూరుకుపోతే కొన్ని శవాలు దొరికేవి కావు. దొరకనివాళ్ల పాత గనిబూట్లను పెట్టెలో పెట్టి, శ్మశానంలో ఒక మూలన పాతి, పైన సిలువ నాటేవాళ్లు. ఏడవడానికి మనిషికి ఒక చోటు ఉండాలి గదా. ఆ మూలలో ఉన్నవి బూట్లేనని పిల్లలకు ఎవరూ చెప్పరు. మీ తాత ఇక్కడున్నాడు, మొక్కు అంటారు. అక్కడున్నవి బూట్లని నోటితో అంటే పోయినవాడు రెండోసారి పోయినట్టని పెద్దవాళ్ల నమ్మకం.

క్లారా డెరిక్ బూట్లు తీసి తుడిచింది. నువ్వు చేసేది పాపమమ్మా అన్నాడు శాంతిరాజు. బతికున్నవాణ్ణి పాతడమా! "నా బిడ్డ అన్నం తినాల. అంతకంటే పుణ్యం నాకొద్దు," అంది క్లారా. శవం లేదు, షిఫ్టులో పోయినవాడూ కాదు, సాక్షి లేదు, నేను రాలేనన్నారు చర్చి ఫాదరు. శాంతిరాజే బైబిలు పట్టుకొని నాలుగు మాటలు చదివాడు. ఆంబూరు సంగతి మాత్రం చచ్చేదాకా బయటపెట్టనని ఆ సిలువ మీదే ఆమె అతనితో ఒట్టు వేయించుకుంది. లైన్లలో అందరికీ బూట్ల సంగతి తెలుసు, ఆంబూరు సంగతి తెలియదు. పిల్ల మొగం చూసి అందరూ నోళ్లు కుట్టుకున్నారు. డయానా సమాధి దగ్గర వెక్కివెక్కి ఏడ్చి, ఇంటికొచ్చి, కడుపునిండా తిన్నది.

ఆ పిల్ల అలాగే పెరిగింది. ఏటా నవంబరులో సమాధుల పండుగకు తండ్రి సిలువకు తనే సున్నం కొట్టేది. పరీక్ష పాసైనా, మాలూరు ఫ్యాక్టరీలో పని దొరికినా ముందు పోయి అక్కడ చెప్పుకొనేది. రోజూ పొద్దున్న రైలుకు తల్లీకూతుళ్లు కలిసే ఇల్లు కదిలేవాళ్లు. తల్లి బల్ల దగ్గర ఆగిపోయేది, కూతురు క్యారియర్ పట్టుకొని రైలెక్కేది. ఆ క్యారియర్ సర్దడంలో క్లారాకున్న శ్రద్ధ ఇంక దేనిమీదా లేదు. లోకంలో ఆమెకు ఉన్నదల్లా ఆ పిల్లే, ఆ పిల్ల నమ్మకమే.

అప్పుడు సినిమావాళ్లొచ్చారు.

కోలారు గనులకు సినిమావాళ్లు రావడం కొత్త కాదు. సైనైడు దిబ్బలంటారే, బంగారం తీశాక మిగిలిన మట్టి కొండలు, వాటి మీద హీరోలు తన్నుకోని నెల ఉండదు. ఈసారి వచ్చినవాళ్లు మాత్రం తన్నులాటలు లేవన్నారు. మనిషి మనసులో జరిగే కథట. యూనిట్టుకు రాగిముద్ద, దాంట్లోకి పప్పుచారు లాంటి సారు వండిపెట్టే పని క్లారాకు దొరికింది. అందులో డైరెక్టరు కింద పనిచేసే చైత్ర అనే అమ్మాయి, రాయల్పాడు మామిడితోటలవాళ్ల పిల్ల, మొదటిరోజే "ఆంటీ, ఇంగొంచెం సారు పొయ్యి, మా అవ్వ చేసినట్టే ఉండాది," అంది. మన మాట మాట్లాడే పిల్ల, కడుపునిండా తినే పిల్ల. క్లారా కరిగిపోయింది.

చైత్రకు వినడం తెలుసు. గిన్నెలు తోముతుంటే పక్కనే గొంతుకూర్చొని, "ఆమీన ఏమైంది ఆంటీ? తరవాత?" అని అడిగేది. క్లారా కథను జన్మలో ఎవరు అడిగారు గనుక! ఇన్నేళ్లూ అందరికీ తెలిసిందే, కాబట్టి ఎవరికీ అక్కర్లేనిదే. చెప్పేకొద్దీ గుండె బరువు దిగినట్టయి, పోట్లాట చెప్పింది, షాఫ్టు వైపు నడిచిపోవడం చెప్పింది, పోలీసుల దగ్గరికి పోకపోవడం చెప్పింది, బూట్లు పాతిన సంగతి కూడా చెప్పేసింది. మా పాపకు తెలియదమ్మా అని చెయ్యి పట్టుకుంది. ఆంబూరు ఒక్కటే మింగేసింది. అది ఒట్టు. నడుమ అది లేకపోతే మిగిలిన కథ ఎలా కనిపిస్తుందో ఆ పిచ్చితల్లికి తట్టలేదు.

వాళ్లు అంతకుముందు అనుకున్న కథను చెత్తబుట్టలో వేసి, ఇదే తీశారు. మరుసటి ఏడాది ఆ సినిమా ఫోన్లలోకి వచ్చింది. డయానా రైల్లో, మాలూరు పోయే తోటి పిల్లలతో కలిసి, మన ఊళ్లో తీసిందని సరదాగా చూడడం మొదలుపెట్టింది. స్టేషను దగ్గర ఇడ్లీలమ్మే ఆమె. మొగుడు కనబడకుండా పోయాడు. చిన్న కూతురు. "ఏయ్, మీ మమ్మీ మాదిరే ఉండాదే!" అని పిల్లలు నవ్వారు. తరవాత బూట్లు పాతిపెట్టడం వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. సినిమాలో ఆ ఇల్లాలు మొగుడికి చివరిసారి సాంబారు పోస్తుంది, కిటికీలోంచి సైనైడు దిబ్బ కనబడుతుంది, కెమెరా ఆమె చేతి మీదే నిలబడిపోతుంది. ఆఖరున పోలీసులొచ్చి సమాధి తవ్వితే వట్టి బూట్లే. ఆ ఇల్లాలు మట్టి మళ్లీ సర్దుతూ అదో రకంగా నవ్వుతుంది. తెర నల్లబడిపోతుంది. చంపిందా? వాడే పోయాడా? ఏదీ చెప్పరు.

ఊళ్లు ఊళ్లు దాని మీద వాదించుకున్నాయి. టీ తాగుతూ వాదించుకొనేందుకు భలే ఉంటుంది మరి, తమ తల్లి కాదు గదా.

డయానా ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"మమ్మీ, డాడీ పెట్టె ఎవురు మోసినారు?"

క్లారా పప్పు కడుగుతోంది. "ఏమే, ఇప్పుడెందుకు?"

"ఎవురు మోసినారో చెప్పు."

"శాంతిరాజు మామ."

"ఒక్కడే? డాడీ అంత తేలిగ్గా ఉన్నాడా?"

ఇంక దాచి లాభం లేదని క్లారా కూలబడి అంతా చెప్పింది. బూట్లేనని, శవం దొరకలేదని, షాఫ్టులో పడి ఉంటాడని. అంతా అంటే, మళ్లీ ఆ ఒక్కటి తప్ప. డయానా ఇంటింటికీ పోయి అడిగింది. అందరూ తలలు దించుకున్నారు. తనకు తప్ప లైన్లందరికీ తెలుసు! ఇన్నేళ్లూ తాను బూట్లకు మొక్కుతుంటే వీళ్లంతా చూస్తూ నిలబడ్డారు! ఆ అవమానమే ఆ పిల్లను సగం కాల్చేసింది. మిగతా సగాన్ని ఒక ప్రశ్న కాల్చింది. మనిషి కనబడకపోతే ఎవరైనా పోలీసు స్టేషనుకు పోతారు. మమ్మీ ఎందుకు పోలేదు?

క్లారా చైత్రకు ఫోను చేసింది. ఎన్నోసార్లు చేస్తే ఒకసారి ఎత్తింది.

"ఆమె చంపిందా లేదా, అది చెప్పు నాకు," అంది క్లారా.

"ఆంటీ, అట్ల మేము చెప్పలేదు. చూసేవాళ్లకే వదిలిపెట్టినాం. అదే ఆ సినిమాలో ఉండే గొప్ప."

"ఏం గొప్పే అది? చంపలేదని ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోతాది?"

"మీ పేరు యాడా పెట్టలేదు గదా ఆంటీ. అది మీరని ఎవురికి తెలుస్తాది?"

"మారికుప్పంలో ఇడ్లీలమ్మేది ఎంతమందే? బూట్లు పాతినది ఎంతమందే? నీకు అన్నం పెట్టినానే తల్లీ!"

తప్పైంది ఆంటీ అని ఏడుపు గొంతుతో అంది చైత్ర. ఏడిస్తే ఏం లాభం, సినిమా వెనక్కి వస్తుందా? ఊరూపేరూ లేని కుర్రాళ్లు శ్మశానానికొచ్చి ఆ సిలువ పక్కన ఫోటోలు దిగడం అప్పటికే మొదలైంది.

మర్నాడు పొద్దున క్లారా ఎప్పట్లాగే క్యారియర్ సర్ది ఇచ్చింది. డయానా తీసుకుంది. సాయంత్రం కడగబోతే గిన్నెలన్నీ నిండుగా ఉన్నాయి. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. తరవాతి రోజు కూడా అంతే. ఆ తరవాత పిల్ల క్యారియరే తీసుకోలేదు, క్యాంటీన్లో తింటానంది. ఇంట్లో బిస్కెట్లు కొనుక్కొచ్చుకొని తింటోంది. కుండలో నీళ్లు కూడా ముట్టడం లేదు, కొళాయి దగ్గరికి పోయి సీసా పట్టుకొస్తోంది. అప్పుడర్థమైంది క్లారాకు. కన్నబిడ్డ తన చేతి అన్నానికి భయపడుతోంది. భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని అనుకుంది ఆ తల్లి. వంటింటి గోడకు ఆనుకొని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

శాంతిరాజు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "ఇంగ చాలు క్లారమ్మా. ఆంబూరు సంగతి చెప్పేస్తా. ఒక్క మాటతో నీ మీద పడిన మన్నంతా పోతాది," అన్నాడు.

"పోతాది. ఆ మన్నంతా దాని మీద పడతాది. వద్దు."

"పెద్దదైపోయింది, తట్టుకుంటాదిలే."

"నీకేం తెలుసన్నా? ఒట్టు గుర్తుండాదా లేదా?"

సమాధుల పండుగ వచ్చింది. శ్మశానమంతా బంతిపూలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి పొగ. ఎండెక్కక ముందే జనం కిక్కిరిశారు. ఏటా క్లారాను చూసి పలకరించే వాళ్లు ఈసారి తమ వాళ్ల సమాధులకేసి తిరిగిపోయారు. బూట్ల మూలలో డెరిక్ సిలువకు ఈసారి సున్నం లేదు. డయానా పూలు తేలేదు. చేతులు కట్టుకొని నిలబడింది. ఎదురుగా తల్లి, కాస్త దూరంలో శాంతిరాజు.

"మమ్మీ, నేను ఇన్ని దినాలుగా ఇదే ఆలోచన చేస్తాండా. రెండే ఉండాయి," అంది డయానా. "షాఫ్టు మాట నేను నమ్మను. మామే చెప్పినాడు ఒకప్పుడు, డాడీ పోయేనాటికే ఆ షాఫ్టు నోటికి కాంక్రీటు పోసేసినారని, పిల్లి కూడా దిగలేదని. ఇంగ రెండే. డాడీ నన్నొదిలేసి పోయినాడు. లేదంటే, డాడీ ఆ రాత్రికి తిరిగొచ్చినాడు, మళ్లీ మన ఇంట్లోంచి పోనే లేదు. ఏది?"

క్లారా చూపు శాంతిరాజు వైపు పోయింది.

"ఆ పొద్దు నేను రేడియో పగలగొట్టినా. నాకు గుర్తుండాది. నా మీద చెయ్యెత్తినాడు. నా మీద కోపంతోనే పోయినాడా? అన్నేండ్లలో ఒక్కసారైనా నన్ను చూడాలనిపించలేదా ఆయనకి? అంత చెడ్డదాన్నా నేను?"

ఇరవై దాటిన ఆడపిల్ల మొగంలో ఆ ఐదేళ్ల పిల్ల అలాగే కూర్చొని ఉంది. అన్నం ముందు పెట్టుకొని తినకుండా. ఇన్నేళ్లూ మానిందనుకున్న పుండు లోపల లోపలే పచ్చిగా ఉందన్నమాట!

శాంతిరాజు ముందుకొచ్చాడు. "డయానా, ఇట్ల చూడమ్మా. నేనొకటి చెప్తా..."

"అన్నా!" క్లారా అరిచిన అరుపుకు చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. "నువ్వు నోరు తెరిస్తే నా శవాన్ని చూస్తావు! నా మీద ఒట్టు!"

శాంతిరాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. డయానా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ పిల్ల కళ్లలోకి ఏం వస్తోందో క్లారాకు స్పష్టంగా కనబడింది. ఆపాలనుకుంటే అప్పుడైనా ఆపవచ్చు. ఆంబూరు అన్న ఒక్క మాట చాలు. పిల్ల తన ఒళ్లో పడి ఏడుస్తుంది, రేపటినుంచి క్యారియర్ తీసుకుపోతుంది. తీసుకుపోయి, ఆ అన్నం ముందు కూర్చొని, నేను అంత చెడ్డదాన్నా అని బతుకంతా అడుగుతూనే ఉంటుంది.

"మీ డాడీ నిన్నొదిలి పోలేదు," అంది క్లారా.

"సిలువ మీద చెయ్యి పెట్టి చెప్పు."

క్లారా సిలువ మీద చెయ్యి పెట్టింది. "నీ మీద కోపం లేదు వాడికి. నిన్నొదిలి పోలేదు. నిన్నొదిలి పోయే మనిషి కాదు వాడు."

డయానా గట్టిగా ఊపిరి వదిలింది. వదిలాక ఒక అడుగు వెనక్కి వేసింది.

"అట్లయితే రెండోదే," అంది మెల్లగా. "మామకు కూడా తెలుసు."

క్లారా అవుననలేదు, కాదనలేదు. కాదంటే మొదటిది నిజమవుతుంది.

డయానా ఆ పొద్దే సంచి సర్దుకొంది. మాలూరులో హాస్టలు ఉంది, అక్కడుంటానంది. తల్లి గుమ్మంలో అడ్డంగా నిలబడలేదు, బతిమాలలేదు. పిల్ల గడప దాటుతూ ఆగి, మొగం ఇటు తిప్పకుండానే, "పోలీసులకి చెప్పనులే. పెంచినావు గదా," అంది. దానికి కూడా క్లారా తలూపింది. సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి పడిపోయింది. శాంతిరాజు భార్య మొగం మీద నీళ్లు చల్లి లేపాల్సి వచ్చింది.

ఏడాది గడిచింది. డయానా బస్సులోనే తిరుగుతుందట, మారికుప్పం రైలు మొగమే చూడదట. ఎవరో చెబితే వినడమే. మళ్లీ సమాధుల పండుగ నాడు క్లారా పొద్దున్నే పోయి తన అమ్మానాన్నల సమాధి వెనక నిలబడింది, శాంతిరాజు పక్కన. డయానా వచ్చింది. వెంట హాస్టలు స్నేహితురాలు, వీణ అట. డయానా ఒళ్లు కాస్త తేరింది. సిలువకు తెల్లగా సున్నం కొట్టింది, బంతిపూలు పరిచింది, మోకాళ్ల మీద కూర్చొని నుదురు సిలువకు ఆనించింది. "నువ్వు నన్నొదిలి పోలేదు డాడీ. నాకు తెలుసు. పోయినేడు అట్ల అనుకున్నందుకు క్షమించు," అని ఏడ్చింది. చిన్నప్పుడు ఏడ్చినట్టే, కడుపులోంచి, అడ్డం లేకుండా.

వింటుంటే క్లారాకు కడుపు నిండింది.

"ఇప్పుడైనా చెప్పనీమ్మా," అన్నాడు శాంతిరాజు గొణుగుతూ.

"చూడన్నా, ఎంత నిమ్మళంగా ఏడుస్తాందో. ఏడవనీ."

లేచి పోతూ పోతూ డయానా వాళ్ల పక్కనుంచే పోవలసి వచ్చింది. దారి అదొక్కటే. క్లారా ఆపుకోలేకపోయింది. "తిన్నావా పాపా?" అంది. డయానా అడుగు తడబడింది గాని ఆగలేదు. నాలుగు సమాధులు దాటాక వీణ వెనక్కి తిరిగి చూసి, "ఎవురే ఆమె?" అని అడిగింది.

"మా లైన్లో ఉండే ఆమె. ఇడ్లీలమ్ముతాది," అంది డయానా.

శాంతిరాజు తట్టుకోలేక మొగం పక్కకు తిప్పుకున్నాడు. క్లారా అతని భుజం తట్టింది.

"మంచిదేలే అన్నా. అట్లే చెప్పుకోనీ. చంపినదాని కూతురని తెలిస్తే, రేపు దాన్ని ఎవురు పక్కన కూచోనిస్తారు?"